జలియన్‌వాలా బాగు వాఙ్మూలములు – ప్రజాస్మృతి

పంజాబు దురంతములను గూర్చి కాంగ్రెసు ఉపసంఘము ప్రకటించిన నివేదిక 1920 మార్చి 25వ తేదీన వెలువడినది. అది రెండు సంపుటములు. మొదటిది సంఘసభ్యుల నిర్ణయములతో గూడినది. రెండవది సాక్షుల వాఙ్మూలములతో నిండినది. చరిత్రకారులు తఱచుగా ఉదాహరించునది మొదటి సంపుటమే. రెండవదానిని ఆధారములు వెదకుకొనుటకు మాత్రమే తెఱచి, పని ముగియగనే మూసివేయుట పరిపాటి. కాని ఆ రెండవ సంపుటమును మొదటినుండి తుదివఱకు ఓపికతో చదివిన వారికి అది కేవలము న్యాయవాదులు కూర్చిన సాక్ష్యసామగ్రి కాదనియు, ఒక ప్రజ తన నోటిని తిరిగి తాను సంపాదించుకొన్న వృత్తాంతమనియు తోపకమానదు. రాజ్యహింసకు లోనైన జనసమూహమునకు చెప్పుకొనుటవలన ఎట్టి ఉపశమనము కలుగును, ఎట్టిది కలుగదు అను ప్రశ్నను ఈ సంపుటమును ముందుంచుకొని విచారింపవలెనని మా సంకల్పము.

జరిగినదానిని విస్తరించి చెప్పవలసిన పనిలేదు. 1919 మార్చిలో రౌలట్ చట్టము వచ్చినది. ఏప్రిల్ 10న అమృతసరములో డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూ, డాక్టర్ సత్యపాల్ నిర్బంధింపబడిరి. ఆనాడే కాల్పులు జరిగినవి. క్రుద్ధులైన జనుల చేతిలో అయిదుగురు ఐరోపీయులు మరణించిరి. మార్సెల్లా షెర్వుడ్ అను ఉపాధ్యాయిని ఒక సందులో తీవ్రముగా కొట్టబడినది. (ఆమెను ఇంటిలోనికి చేర్చుకొని ప్రాణము నిలిపినవారును ఆ వీధిలోని భారతీయులే, పిమ్మట ఆ వీధివారికి లభించిన ప్రతిఫలమును ముందు చూడగలము.) 13వ తేదీ వైశాఖీ పర్వదినము. సాయంకాలము జనరల్ డయ్యరు తుపాకులు గల యాబదిమంది సిపాయిలతో జలియన్‌వాలా బాగులో ప్రవేశించి, హెచ్చరిక యేమియు చేయకయే కాల్పింపనారంభించెను. రమారమి పది నిమిషములలో 1650 గుండ్లు పేలినవి. క్షతగాత్రులను అక్కడనే విడిచి సైన్యము మరలిపోయినది. రాత్రి ఎనిమిది గంటల పిదప ఎవ్వరును ఇల్లు కదలరాదను ఉత్తర్వు అప్పటికే అమలులో నున్నది. రెండు దినములకు సైనికశాసనము ప్రకటింపబడినది.

ఇటువంటి సంఘటన జరిగిన వెంటనే పుట్టు మొదటి ప్రశ్న 'ఎందఱు?' అనునది. అమృతసరములో ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసిన ప్రభుత్వము కొన్ని నెలలవఱకు లెక్కించుటకే పూనుకొనలేదు. వేసవి గడచిన పిమ్మట, ఆగస్టులోగాని మృతుల వివరములను సేకరించు ప్రయత్నము ఆరంభము కాలేదు. అప్పటికైనను చెప్పుటకు ముందునకు వచ్చువారెవరు? నిషిద్ధసభకు పోవుట నేరమైనప్పుడు 'మా అన్న అక్కడ చనిపోయినాడు' అని చెప్పుట నేరమంగీకరించుటతో సమానము. మరణించినవాడు శిక్షకు అతీతుడు, బ్రదికియున్నవారు కారు. కావున ఎన్నియో యిండ్లలో శవమును రహస్యముగా దహించి, దుఃఖమును రహస్యముగా అనుభవించిరి. సేవాసమితి అను స్వచ్ఛందసంస్థ ఇల్లిల్లు తిరిగి పట్టీ తయారుచేసినది. ప్రభుత్వము చివరకు స్వీకరించిన 379 అను సంఖ్యకు మూలము ఈ కృషియే. కాని పండుగకు పరగ్రామములనుండి వచ్చినవారు ఇట్టి ఇంటింటి లెక్కలో చేరుట యెట్లు? కాంగ్రెసు సంఘము మృతుల సంఖ్యను సుమారు వేయిగా భావించినది. ఈ రెండు సంఖ్యలలో ఏది సత్యమునకు సమీపమో నిర్ణయించుట ఈ వ్యాసవిషయము కాదు. మేము చెప్పదలచినది వేఱు. ఈ సంఖ్యావివాదమే గాయములో నొక భాగము. చనిపోయినవాడు చనిపోయినాడని నలుగురిలో చెప్పుకొను హక్కు లేకుండుట రెండవ మరణము వంటిది.

మౌనము సహజముగా ఏర్పడినది కాదు, ఏర్పరుపబడినది. పత్రికలపై కట్టుబాట్లు విధింపబడినవి. లాహోరులోని ట్రిబ్యూను సంపాదకుడు కాళీనాథరాయ్ కారాగారమునకు పంపబడెను. బొంబాయిలో పంజాబు వార్తలను ప్రకటించిన హార్నిమన్ దేశమునుండియే వెడలగొట్టబడెను. విషయము తెలిసికొనుటకై వచ్చిన ఆండ్రూస్‌ను అమృతసరములో ఆపి వెనుకకు పంపిరి. గాంధీమహాత్మునికి అక్టోబరువఱకు పంజాబులో ప్రవేశము లభింపలేదు. దక్షిణదేశమున మన పత్రికాపాఠకులు ఆ వేసవిలో చదివినది వార్తకంటె వదంతియే అధికము. మే నెల కడపట రవీంద్రనాథ టాగూరు తన 'సర్' బిరుదమును త్యజించి వైస్రాయికి లేఖ వ్రాసినప్పుడు, జరిగినది సామాన్యమైన అల్లరి కాదని దేశమునకు స్పష్టముగా తెలిసినది.

తరువాత రెండు విచారణలు జరిగినవి. ప్రభుత్వము నియమించినది హంటరు సంఘము. ఆ సంఘము పని ప్రారంభింపకముందే, సెప్టెంబరులో, అధికారులకు రక్షణ కల్పించు చట్టమును శాసనసభలో ఆమోదింపజేసికొనుట గమనింపదగిన విషయము. క్షమాపత్రము ముందు, విచారణ వెనుక. చెఱలో నున్న పంజాబు నాయకులను సాక్ష్యవిషయమున సహకరించుటకైనను విడువనందున కాంగ్రెసు హంటరు సంఘమును బహిష్కరించి స్వయముగా ఒక ఉపసంఘమును ఏర్పరచినది. గాంధి, చిత్తరంజన్ దాస్, అబ్బాస్ త్యాబ్జీ, జయకర్ నివేదికపై సంతకము చేసిన సభ్యులు. మోతీలాల్ నెహ్రూ మొదట సభ్యుడైనను అమృతసర కాంగ్రెసునకు అధ్యక్షుడుగా ఎన్నుకొనబడుటచే తప్పుకొనెను. ఆ స్థానమున వచ్చినవాడే జయకర్. కార్యదర్శి సంతానం కుంభకోణమునుండి పోయి లాహోరులో న్యాయవాదియై స్థిరపడిన దాక్షిణాత్యుడు. పంజాబీల కన్నీటిని పద్దుకట్టిన వారిలో ఒక తమిళుడుండుట ముచ్చటైన విషయమే.

ఈ సంఘము 1700కు మించిన వాఙ్మూలములను పరిశీలించి, అందు రమారమి 650 ప్రకటించినది. నివేదిక రచన ప్రధానముగా గాంధీ చేతిమీద జరిగినది. ఆయన పద్ధతి చాల కఠినమైనది. దుఃఖము చెప్పినంతమాత్రమున వాఙ్మూలము అంగీకృతము కాదు, ఎదురుప్రశ్నలకు నిలువవలెను. సందేహమునకు చోటిచ్చినది ఎంత హృదయవిదారకమైనను వదలివేయబడినది. ఈ కాఠిన్యము బాధితులయెడ నిర్దయయని కొందఱికి తోచవచ్చును. మా అభిప్రాయమున అది వారియెడ చూపిన గౌరవము. 'అయ్యో' అని విని విడిచిపెట్టుట జాలి; 'ఏ గంటకు? ఏ గోడప్రక్క? నీ వెంట నెవరు?' అని అడిగి వ్రాసికొనుట నమ్మకము. అన్ని నెలలు ఎవ్వరును తమను ప్రశ్నింపనివారు, ప్రశ్నించినను పోలీసు ఠాణాలో మాత్రమే ప్రశ్నింపబడినవారు, మొదటిసారిగా తమతో సమానులైన వారి యెదుట కూర్చుండి తమ మాట వ్రాతలోనికి ఎక్కుట చూచిరి.

వాఙ్మూలములలో రతన్‌దేవి చెప్పినది సుప్రసిద్ధము. అయినను దానిని ఇట సంగ్రహింపక తప్పదు. ఆమె యిల్లు బాగునకు సమీపముననే యున్నది. తుపాకుల ధ్వని విని, ఇద్దఱు స్త్రీలను తోడు తీసికొని పరుగెత్తి, శవముల గుట్టలలో భర్త శవమును గుర్తించినది. తెలిసినవారు కనబడగా మంచము తెమ్మని పంపినది. తోడువచ్చిన స్త్రీలను సైతము పంపివేసినది. ఎనిమిది గంటలయ్యెను. ఇక నెవ్వరును రాలేదు. ఒక సిక్కు పెద్దమనిషి సాయముతో, నెత్తురు మడుగు కట్టిన చోటినుండి శవమును పొడినేలకు చేర్చినది. పది గంటలవఱకు చూచి వీధిలోనికి పోయి మంచమునకై వేడుకొనినది. ఆ వేళ సాయము చేయువారు లేరనియు, కాల్చబడుటకు తాము సిద్ధముగా లేమనియు ఇండ్లవారు చెప్పిరి. మరల వచ్చి భర్త ప్రక్కన కూర్చున్నది. ఒక వెదురుకఱ్ఱ దొరకగా దానితో కుక్కలను తోలుచు రాత్రి గడపినది. పండ్రెండేండ్ల బాలుడొకడు తనను విడిచిపోవలదని బ్రతిమాలెను. చలివేయుచున్నదా, కప్పుదునా అని ఆమె అడిగినది, వాడు దాహమడిగెను, అచట నీరు లేదు. రెండు గంటల వేళ గోడకడ చిక్కుకొనియున్న ఒక జాటు రైతు తన కాలు ఎత్తుమని కోరగా లేచి ఎత్తినది. గడియారము గంటలు కొట్టుట విన్నది. తెల్లవాఱినపిదపగాని మంచము రాలేదు.

తెలుగు పాఠకునకు ఇట తిక్కన స్త్రీపర్వము స్మరణకు రాకమానదు. గాంధారి వ్యాసదత్తమైన దివ్యదృష్టితో రణభూమిని చూచి, పడియున్నవారిని ఒక్కొక్కరిని పేర్కొనుచు విలపించును. నక్కలు, గ్రద్దలు తిరుగుచుండును. తుదకు కారకుడెవడని ప్రశ్నించి శపించును. రతన్‌దేవి వాఙ్మూలములో విలాపము లేదు, శాపము లేదు. గంటలున్నవి, కొలతలున్నవి, కఱ్ఱయున్నది. ఆ రాత్రి తనకు కలిగిన అనుభవమును మాత్రము తనకును భగవంతునికిని వదలివేసినది. ఈ భేదము కావ్యమునకును వాఙ్మూలమునకును గల భేదమే యని తీసివేయరాదు. గాంధారి మాటను విను శ్రీకృష్ణుడు ఎదుట నిలిచియుండెను. రతన్‌దేవికి ఆ రాత్రి వినువాడు లేడు. వినువారు మాసములకుగాని రాలేదు. వచ్చినప్పుడు ఆమె తన దుఃఖమును వారి కర్పింపలేదు. జరిగినది చెప్పినది. ఆమె దుఃఖము మానినదని చెప్పుటకు ఆ వాఙ్మూలములో ఒక్క అక్షరమైనను లేదు. కాని కాల్చబడుదుమని తలుపులు తెఱవని నగరములో ఆమె తన పేరుతో నోరు తెఱచినది.

ఇందుండి మేము గ్రహించినది ఇది: వాఙ్మూలము మాన్పినది దుఃఖమును కాదు, భయమును. ఈ రెండింటిని ఒకటిగా చూచుటవలననే 'చెప్పుకొన్నచో గాయము మానును' అను మాట ఒకప్పుడు అతిశయోక్తిగను, ఒకప్పుడు వట్టిమాటగను వినబడుచున్నది.

భయముకంటె చెప్పుటకు కష్టమైనది అవమానము. షెర్వుడ్ దెబ్బలు తిన్న సందులో, ఏప్రిల్ 19 మొదలు కొన్ని దినములు, నడచువారు నేలపై బోరగిల ప్రాకిపోవలెనని డయ్యరు ఆజ్ఞాపించెను. ఆమెను కాపాడినవారికిని మినహాయింపు లేదు. ఆ సందులో పెక్కిండ్లకు వెనుక ద్వారములు లేవు. పగలు ప్రాకవలెను, రాత్రి ఎనిమిది దాటిన పిదప సంచారమే నిషిద్ధము. బియ్యమునకు, వైద్యునికొఱకు, దేవాలయమునకు పోవలెనన్న ప్రాకుటయే గతి. కన్నులు కనబడని వృద్ధుడొకడు సైతము ప్రాకవలసివచ్చినట్లు సంపుటములో కలదు. మరణించిన బంధువునుగూర్చి చెప్పుటకు కన్నీరు తోడుండును. 'నన్ను పురుగువలె ప్రాకించిరి' అని చెప్పుటకు ఏ తోడును లేదు. అయినను ఆ వీధివారు తమ పేర్లతో, తమ వృత్తులతో, తమ యింటి గుర్తులతో చెప్పిరి. ఒక్కడు చెప్పినచో అది వాని తలవంపు. వీధియంతయు చెప్పినపుడు తలవంపు ఆజ్ఞాపించినవానిదైనది. సామూహికస్మృతియను మాటకు ఇంతకంటె స్ఫుటమైన ఉదాహరణము మాకు తెలియదు.

మనియన్‌వాలా గ్రామస్త్రీలు చెప్పినదియు ఇట్టిదే. బాస్వర్త్ స్మిత్ అను అధికారి తమ ముసుగులను కఱ్ఱతో తొలగించి దుర్భాషలాడెనని వారు ఒక్కగొంతుగా వాఙ్మూలమిచ్చిరి. ఈ వాఙ్మూలము సముద్రములను దాటినది. హైదరాబాదున పెరిగిన సరోజినీనాయుడు 1920 జూనులో లండనులో ఒక సభయందు పంజాబు స్త్రీల పరాభవమునుగూర్చి ప్రసంగింపగా, భారతమంత్రి మాంటేగు ఆ ఆరోపణలకు ఆధారమేమని నిలదీసెను. ఆమె చూపిన ఆధారము కాంగ్రెసు నివేదికలోని వాఙ్మూలములే. చదువురాని గ్రామీణస్త్రీల మాట సామ్రాజ్యమంత్రిని సమాధానము చెప్పవలసిన స్థితికి తెచ్చినది. అంగీకారము మాత్రము రాలేదు. ఆ జూలైలో ప్రభువులసభ డయ్యరు పక్షముననే మొగ్గు చూపినది. ఒక లండను పత్రిక అతనికొఱకు 26,000 పౌనులకు పైగా చందా కూర్చినది.

సంపుటమునకు గల పరిమితులను పరిశోధకులు మఱవరాదు. సాక్షులు పలికినది పంజాబీ, ఉర్దూ భాషలలో, ముద్రితమైనది ఇంగ్లీషులో. ప్రశ్నలు న్యాయవాదులవి, కావున ఉత్తరముల అచ్చు న్యాయస్థానపు అచ్చు. ఏడ్పులు, నిట్టూర్పులు, తడబాట్లు అనువాదములో రాలిపోయినవి. ఏ పంజాబీ మాట ఏ ఇంగ్లీషు మాటయైనదో ముద్రితప్రతినుండి గుర్తింపరాదు. మనవైపు నొక పోలిక చూపవచ్చును. తెలంగాణ సాయుధపోరాటములో పాల్గొన్న స్త్రీల కథనములను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' యను పేర ప్రకటించినది. అచట మాట్లాడినవారు నిజాము కాలపు హింసను, 1948 తరువాతి సైనికచర్యలను గూడ చూచినవారు. అడిగినవారు న్యాయవాదులు కారు. మూడు దశాబ్దములు దాటినపిదప వచ్చిన ఒక తరము స్త్రీలు. కథనములు వారి పలుకుబడిలోనే అచ్చయినవి. అందుచే అమృతసర సంపుటములో దొరకనివి, బిడ్డలనుగూర్చిన బెంగ, తమ పక్షమువారిపైననే యుండిన అసంతృప్తి, ఇట దొరకుచున్నవి. అచట ఉన్న గంటల, గజముల నిశ్చయము ఇట కొఱవడినది. వెంటనే చెప్పిన మాట నేరమును నిరూపించును. ఆలస్యముగా చెప్పిన మాట జీవితమును వివరించును. ఏది యెక్కువయని అడుగుట వృథా.

స్మారకవిషయమున ఆనాడే ఒక భిన్నాభిప్రాయము తలయెత్తినది. బాగు స్థలమును ప్రజల చందాలతో కొని స్మారకమొనర్పవలెనని కాంగ్రెసు సంకల్పించినది. 1920లో స్థలము కొనబడినది. గాంధి చెప్పిన కారణము, నిర్దోషుల స్మృతి నిక్షేపమువంటిదనియు, వైరమును పెంచుటకు కాదనియు. టాగూరునకు ఇది రుచింపలేదు. 1920 ఏప్రిల్‌లో బొంబాయి సభకు పంపిన లేఖలో ఆయన, చేసిన అన్యాయముల నల్లని స్మృతిని రాళ్లలో నిలిపి భావితరములపై మోపవలదని, ఆరాధింపదగినదానినే వారికి విడిచిపోవలెనని హెచ్చరించెను. బిరుదమును విసరివైచిన మహాకవియే ఇట్లు పలుకుట విశేషము. మా దృష్టిలో ఇరువురి భయములును యథార్థములే. అయినను టాగూరు శిలను చూచినంతగా వాఙ్మూలమును చూడలేదేమో యనిపించును. శిల కోపమును మోయగలదు; కాలుపట్టి లేపుమన్న జాటు రైతును, నీరడిగిన బాలుని మోయలేదు. వారిని మోసినది ముద్రితపత్రము.

తెలుగునాట ఈ స్మృతి నాటకరూపమున వెలసినది. దామరాజు పుండరీకాక్షుడు రచించిన 'పాంచాల పరాభవము' ప్రభుత్వ నిషేధమునకు గురియైనది. పేరులోనే శ్లేష యున్నది: పాంచాలమన్నచో పంజాబు; పరాభవమన్న మాట వినగనే మనవారికి సభలో ఈడ్వబడిన పాంచాలి స్ఫురించును. కౌరవసభలో ద్రౌపది ఏడ్చుటకు ముందు ప్రశ్న వేసినది. పెద్దలు ఉత్తరము చెప్పలేదు. ప్రేక్షకులు గ్రహింపవలసినది ఆ ప్రశ్ననే. నిషేధించిన అధికారులు దానిని గ్రహించినట్లే కనబడుచున్నది.

స్వాతంత్ర్యానంతరము 1951లో స్మారకచట్టము వచ్చినది. 1961 ఏప్రిల్ 13న రాజేంద్రప్రసాద్ స్మారకమును ఆవిష్కరించిరి. 1997లో ఎలిజబెత్ రాణి పుష్పగుచ్ఛముంచిరి. అదే సందర్శనమున ఆమె భర్త అచటి ఫలకముపై మృతుల సంఖ్యను చదివి, అది ఎక్కువగా చెప్పబడినదని, డయ్యరు కుమారునితో తనకు నౌకాదళములో పరిచయముండెనని పలుకుట పెద్ద వివాదమైనది. డెబ్బదియెనిమిదేండ్ల పిదపను సంఖ్యయే తిరిగి వచ్చినది. సాక్షి యింకను నేరస్థుని కుటుంబమే. 2019లో శతవర్షపూర్తి సందర్భమున బ్రిటిషు ప్రధానమంత్రి థెరీసా మే పార్లమెంటులో విచారము తెలిపిరి. క్షమాపణ అను మాట అనలేదు. ఆ సెప్టెంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ బాగులో నేలపై బోరగిల పడి ప్రార్థించిరి. ప్రాకుడుసందు వాఙ్మూలములను చదివినవారికి ఆ దృశ్యము వేఱొక అర్థముతో కనబడియుండును.

2021లో స్మారకప్రాంగణము నవీకరింపబడినది. బాగులోనికి పోవు ఇరుకుసందు గోడలపై, పండుగకు వచ్చు జనుల ఉబ్బెత్తు ప్రతిమలు, నవ్వుముఖములతో అమర్చబడినవి; నేల నునుపు చేయబడినది. దీనిని పెక్కుమంది చరిత్రకారులు ఆక్షేపించిరి. సందర్శకులకు సౌకర్యము కావలసినదే. కాని ఆ సందు కేవలము ఒక దారి కాదు, ఒక సాక్షి. డయ్యరు యంత్రతుపాకులు గల రెండు కవచశకటములను వెంట తెచ్చియుండెను. అవి ఆ సందులో పట్టలేదు, వీధిలోనే నిలిచిపోయినవి. పట్టియున్నచో ఆ తుపాకులను గూడ ప్రయోగించియుండునని అతడు హంటరు సంఘము నెదుట ఒప్పుకొనెను.